దడి కింద కంతలు

మా ఆడపడుచు చిట్టి దినాలు అయిన వారానికి, దాని కూతురు అచ్చమ్మ ఒక వెదురు గొట్టం పట్టుకుని మా ఇంటికి వచ్చింది. చంకలో మూడేళ్ళ పిల్ల. వాళ్ళు గుమ్మంలోకి రాకముందే నాకు ఆ దగ్గు వినపడింది. ఒకసారి విన్న చెవి దాన్ని మరిచిపోదు. ఊపిరి తిప్పుకోనివ్వకుండా పది పదిహేనుసార్లు దగ్గిస్తుంది, చివర పీక నులిమిన కోడిలా లోపలికి ఒక కూత కూయిస్తుంది. కోరింత దగ్గు. అచ్చమ్మ పిల్లను అరుగు మీద కూలేసి, గొట్టం మూత పీకి నా అరచేతిలో బోర్లించింది. రెండు వేళ్ళంత తోలుముక్క రాలింది. దాని నిండా పొట్టి పొట్టి ముళ్ళు, మొదట్లో తెలుపు, కొసన నలుపు. యాభై ఏళ్ళు దాటినా ఒక్క ముల్లు కూడా ఊడలేదు.

"అమ్మ పెట్టె అడుగున ఉందత్తా. దగ్గొస్తే కాల్చి పెట్టాలని అమ్మ అనేది. ఎలా కాల్చాలో చెప్పకుండానే పోయింది. నీకు తెలుసు కదా?" అంది అచ్చమ్మ.

నాకు తెలుసు. తెలిసినవాళ్ళలో ఇంకా బతికి ఉన్నది నేనొక్కదాన్నే. ఆ ముళ్ళు చేతికి గుచ్చుకోగానే నేను ఎక్కడికి వెళ్ళిపోయానో అచ్చమ్మకు తెలియదు. అందుకే ఇది చెబుతున్నాను. నాకు చదువు లేదు, నాలుగు అక్షరాలు కూడబలుక్కుంటాను, అంతే. మా మనవడి పెళ్ళాం పక్కన కూర్చుని రాస్తోంది. వరస తప్పితే తప్పనీ, నువ్వు సర్దకు అన్నాను.

మా అమ్మ పోయింది కాబట్టి నన్ను పన్నెండేళ్ళకే అత్తవారింటికి పంపేశారు. పని నేర్చుకుంటుంది, తిండికి లోటుండదు అన్నాడు మా నాన్న. మలికిపురం దాటి సముద్రం వైపు పోతే నేలంతా ఇసక. ఒక పక్క ఇసక మెరకలు, ఒక పక్క ఉప్పునీళ్ళ పర్ర, మధ్యలో మా మావగారి కొబ్బరి తోట, తోట మధ్యలో తాటాకుల ఇల్లు. ఆ ఇంటి వాసన ఇప్పటికీ నా ముక్కులో ఉంది. నానేసిన కొబ్బరి డొక్కల పీచు కుళ్ళు వాసన, కొబ్బరిపాలు కాచి నూనె తీసిన మూకుడు మాడు వాసన, తడి మట్టలు పొయ్యిలో పెడితే వచ్చే కంటిమంట పొగ. తెల్లారక ముందే మా అత్తగారు పేడనీళ్ళు చల్లేది, నేను వాకిలి ఊడ్చేదాన్ని. ఆవిడ చేతికింద పని చెయ్యడం అంటే మాట పడటం. ఊడ్చిన చోట ఒక ఈనె కనపడితే, "మీ ఊళ్ళో కళ్ళు పండగలకే తెరుస్తారా అమ్మాయ్" అనేది. కానీ నేను తినకుండా ఆవిడ ఎప్పుడూ తినలేదు. ఆవిడకు ముగ్గురు పిల్లలు పుట్టి పోయారు. మిగిలింది మా ఆయన, ఆ తరవాత చాలా ఏళ్ళకు పుట్టిన చిట్టి. అప్పటికి చిట్టికి అయిదేళ్ళు. రాత్రీ పగలూ నా కొంగు పట్టుకుని తిరిగేది.

మావగారు సన్నగా, పొడుగ్గా, ఎండు మట్టలా ఉండేవారు. మాట తక్కువ. ఏం చెప్పినా "ఆయ్" అనేవారు. ఆ ఒక్క మాటలోనే ఒప్పుకున్నారో, కోపగించుకున్నారో, నవ్వుకున్నారో, ఇంట్లో వాళ్ళకే తెలిసేది. నాకు తెలియడానికి ఏడాది పట్టింది.

ఆ తోటలో ముళ్ళెలకలు ఉండేవి. ఏదుపంది కాదు. అది పెద్దది, దుంపలు తవ్వి పాడుచేస్తుంది. ఇది గుప్పెడంత. మూతి చుంచుది, వీపంతా ముళ్ళు. చెయ్యి తగిలితే వక్కాకు సంచీ తాడు లాగినట్టు ముడుచుకుని ఉండైపోతుంది. ఆనకట్ట కట్టాక ఎక్కడ చూసినా కాలవలు తవ్వుతున్న రోజులవి. పలుగు పడిన చోటల్లా ఇసక మెరకలు చీలిపోయాయి, వాటిలో బొరియలు పెట్టుకున్నవన్నీ చెదిరిపోయాయి. కొన్ని మా తోటలోకి వచ్చాయి. మొదట అందరూ తరిమేవారట. ఒక ఏడాది కొమ్ముపురుగు పడి లేత చెట్ల మొవ్వులన్నీ తినేస్తుంటే, మావగారు పెంటకుప్ప దగ్గర మసకచీకట్లో కూర్చుని చూశారట. ఆ పురుగు పిల్లలు పుట్టేది పెంటకుప్పలో. ముళ్ళెలకలు మూతితో పెంట కెలికి వాటిని కరకరా నమిలి తింటున్నాయట. ఆ మర్నాటి నుంచి ఆ ఇంటి పద్ధతే మారిపోయింది.

ఎండుమట్టల కుప్పకు నిప్పు పెట్టేముందు కర్రతో మొత్తం తిరగెయ్యాలి. తిరగెయ్యకుండా అంటించారని మా ఆయనకు ఒకసారి దెబ్బలు పడ్డాయి, ఆ ఇంట్లో ఆయన తిన్న దెబ్బలు అవే. మొక్కలకు నీళ్ళు తోడే గుంటలో ఒక తాటిదూలం వాలుగా వేసి ఉండేది, పడ్డది పైకి ఎక్కి రావాలని. పడమటి మూల డొక్కల పోగు ఎవరూ కదపకూడదు, వాటి పడక అదే. సందెవేళ పగిలిన కుండపెంకుల్లో నీళ్ళు పొయ్యాలి, అదీ అంగుళం లోతుకు మించకుండా. కుక్కను కట్టెయ్యాలి. అన్నిటికన్నా ముఖ్యం, ఏటా దడి కొత్తగా కట్టినప్పుడు అడుగున జానెడు కంతలు వదలాలి. పదకొండు కంతలు. మేత కోసం మెరక మీదికి పోతాయి, వస్తాయి, వాటిని ఆపకూడదు అనేవారు. "మనుషులకి దడీ, ఎలకలకి గుమ్మాలూనా వదినా!" అని పక్క తోట పేరమ్మ గారు మా అత్తగారిని ఏడిపించేది. "ఆయనకి అవే కన్నబిడ్డలు లెండి, మనం కూలికొచ్చినవాళ్ళం" అనేది మా అత్తగారు. ఇద్దరూ నవ్వుకునేవారు. పేరమ్మ గారికి ఇద్దరు పిల్లలు. చంటాడు చేతుల్లో ఉండేవాడు, పెద్దది చిట్టి ఈడుది.

ఆ నీళ్ళు పోసే పని మావగారు నాకు అప్పగించారు. ఆ ఇంట్లో ఎవరూ తప్పుపట్టని పని నాకు అదొక్కటే. వానలు వెనకపట్టాక ఆయనా మా ఆయనా కొబ్బరికాయల పడవ మీద రాజమండ్రి వైపు బయలుదేరారు. రేవు దాకా నేను చద్దిమూట పట్టుకెళ్ళాను. పడవ ఎక్కుతూ వెనక్కి తిరిగి, "నేనొచ్చేదాకా తోట నీదేనమ్మా" అన్నారు. ఆయన నాతో అంత పొడుగు మాట అనడం అదే మొదలు. ఇంటికి వచ్చేదాకా నా కాళ్ళు నేలమీద లేవు.

పడవ వెళ్ళిన నాలుగో రోజో అయిదో రోజో దగ్గు మొదలైంది. ముందు చేపలు పట్టే పల్లెకారుల పిల్లలకు వచ్చింది. తరవాత గాలి ఎటు తిరిగితే అటు పాకింది. పొద్దుటిపూట నూతి దగ్గర నిలబడితే నాలుగు పక్కల నుంచీ కూతలు వినపడేవి. ఆడవాళ్ళు ఒకరితో ఒకరు పలకరించుకోవడం మానేశారు. పేరమ్మ గారి ఇద్దరు పిల్లలకూ పట్టుకుంది. ముళ్ళెలక తోలు కొత్త మూకుట్లో కాల్చి, ఆ మసి తేనెలో కలిపి నాకిస్తే తగ్గుతుందని ఊళ్ళో పెద్దవాళ్ళ మాట. మెరకలు తవ్వేశాక మా తోటలో తప్ప అవి ఎక్కడా లేవు. పేరమ్మ గారు వచ్చి ఒక్కటి ఇమ్మని అడిగింది. మా అత్తగారు తలవంచుకుని, ఆయన వచ్చాక ఆయన్నే అడగండి వదినా, నేను ఇస్తే ఇంట్లో ఉండనివ్వరు అంది. అంతమాట మావగారు ఎన్నడూ అనలేదు. భయపడి అంది.

రెండు రోజుల తరవాత సందెవేళ నీళ్ళు పొయ్యడానికి వెళితే, తూర్పు దడి కంతకు అవతల చేపలు పట్టే మావు ఒకటి ఆనించి ఉంది. లోపలికి దూరడానికే గాని బయటికి రావడానికి వీల్లేని వెదురుబుట్ట. అందులో మూడు ముళ్ళెలకలు ఉండలు చుట్టుకుని ఉన్నాయి. అది పేరమ్మ గారి ఇంటి మావు అని నాకు తెలుసు. దాని మీద వాళ్ళ ఎర్రదారం ముడి ఉంది. నేను ఏమీ ఆలోచించలేదు. తోట నాది. చెయ్యి దూర్చి మావును ఇవతలికి లాగి, వెనక కట్టు విప్పి, మూడింటినీ లోపలికి వదిలేశాను. మావును దడి అవతలికి విసిరేశాను. ఆ కంతలో డొక్కలు కుక్కి, మట్టి మెత్తాను.

మూడోనాడు పేరమ్మ గారి చంటాడు పోయాడు.

ఆ ఏడుపు గురించి నేను చెప్పను. మా అత్తగారు వెళ్ళి వచ్చి స్నానం చేసి, చిట్టిని ఒళ్ళో పెట్టుకుని పొద్దుపోయేదాకా అలాగే కూర్చుంది. నాకు భయం పట్టుకుంది. ఇక ఊరంతా మావులు పట్టుకుని మా దడి చుట్టూ చేరుతుందని. ఆయన వచ్చి చూసేసరికి ఒక్కటీ మిగలదని. మర్నాడు పొద్దున్నుంచీ మిగతా పది కంతలూ మూశాను. తాటిమట్టలు అడ్డంగా పాతాను, డొక్కలు కుక్కాను, బంకమట్టి తెచ్చి గుద్దాను. రెండు రోజులు పట్టింది. గోళ్ళు ఊడిపోయాయి. చివరిది మూస్తుండగా తల ఎత్తి చూస్తే దడి అవతల పేరమ్మ గారు నిలబడి ఉంది. జుట్టు విరబోసుకుని ఉంది. కళ్ళు పొడిగా ఉన్నాయి. నన్ను తిడుతుందనుకున్నాను.

"మూసుకో అమ్మా" అంది. "బాగా గట్టిగా మూసుకో. ఏదీ బయటికి పోకూడదు."

అంతే అని వెళ్ళిపోయింది. ఆవిడ శపించలేదు. శపించిందని నేను చాలా ఏళ్ళు అనుకున్నాను గాని, ఆవిడ ఉన్నమాటే అంది.

ఆ సాయంత్రం నుంచి ముళ్ళెలకలు దడి వెంబడి తిరగడం మొదలుపెట్టాయి. కంత ఉన్న చోటికి రావడం, మట్టిని మూతితో పొడవడం, కాసేపు ఆగి తరవాతి చోటికి పోవడం. అలా తోట చుట్టూ. ఒకదాని వెనక ఒకటి, పెళ్ళికి పిలవని చుట్టాల్లా. అలవాటు పడతాయిలే అనుకున్నాను. నేను కూడా మా నాన్న ఇంటి దారి మరిచిపోలేదా అనుకున్నాను. ఆ వారంలోనే చిట్టికి దగ్గు వచ్చింది. తాగిన గంజి తాగినట్టు కక్కేది. దగ్గు తెర వచ్చినప్పుడు మొహం వంకాయరంగుకు తిరిగేది. మా అత్తగారు రెండు రోజులు ఓర్చుకుంది. మూడో రోజు నా దగ్గరికి వచ్చి, ఎప్పుడూ లేనిది, మెల్లిగా అడిగింది.

"ఒక్కటి పట్టుకురా అమ్మాయ్. ఆయనకి నేను చెప్పుకుంటాను."

"కనపడ్డం లేదండి అత్తయ్యగారూ" అన్నాను.

ఆవిడ నా మొహం చూసింది. నా గోళ్ళు చూసింది. నేను అబద్ధమాడానని ఆవిడకు తెలుసు. నాతో పోట్లాడి ఉంటే బాగుండేది. ఆవిడే కర్ర పట్టుకుని డొక్కల పోగు దాకా వెళ్ళింది. అక్కడ నిలబడింది. మొగుడి మాట దాటడానికి చెయ్యి రాలేదో, ముగ్గురు పోయినప్పుడు ఏ మందూ పనిచెయ్యలేదని గుర్తొచ్చిందో, ఉత్త చేతులతో తిరిగి వచ్చింది. నేను ఎందుకు అబద్ధమాడానని ఇప్పుడు అడిగితే ఏం చెప్పను. చిట్టి అంటే నాకు ప్రాణం. కానీ పన్నెండేళ్ళ దాన్ని నమ్మి ఒక మనిషి తోట అప్పజెప్పి వెళ్ళాడు. పిల్ల బతుకుతుందిలే, మావగారొచ్చి ఏదో ఒకటి చేస్తారులే అనుకున్నాను. చిన్నవాళ్ళకు చావు ఎప్పుడూ పక్క తోటలోదే.

దీపావళి ఇంకా రాలేదు. ఒకరోజు పొద్దున ఆకాశం రాగిచెంబు రంగులో ఉంది. కాకి అరవలేదు. తూర్పుగాలి మొదలై, మధ్యాహ్నానికి చెట్లు నేలకు వంగిపోయాయి. వాన కన్నా ముందు నీళ్ళు వచ్చాయి. చప్పుడు లేదు. పర్ర వైపు నుంచి, చాప పరిచినట్టు, మెల్లిగా దడి సందుల్లోంచి ఊరుతూ వచ్చాయి. చీలమండ, పిక్క, మోకాలు. మేం చిట్టిని ఎత్తుకుని అటకెక్కాం. కప్పులో తాటాకు లేచిపోయిన చోటు నుంచి తోట కనపడేది. దడి నిలబడే ఉంది. ఏటా గాలివానకు ముందుగా పడిపోయే దడి, ఆ ఏడు నేను గుద్దిన మట్టితో నిలబడింది. దడికి అవతల ఇరవై అడుగుల దూరంలో మెరక, దాని మీద పొడి ఇసక. అప్పుడు నాకు వెలిగింది. నేను దిగబోయాను. మా అత్తగారు నా జుట్టు చేతికి చుట్టుకుని పట్టేసింది. "కంతలండి, కంతలు" అంటున్నాను. ఆవిడ వదల్లేదు. ఒక చేత్తో నా జుట్టు, ఒక చేత్తో చిట్టి. చిట్టి దగ్గుతూనే ఉంది. ఆ గాలిలో కూడా ఆ కూత వినపడింది.

నీళ్ళు తీసిన మర్నాడు దిగాం. నేను నేరుగా దడి దగ్గరికి వెళ్ళాను. అన్నీ అక్కడే ఉన్నాయి. డొక్కల పోగు దగ్గర ఒక్కటి లేదు, గుంట దగ్గర ఒక్కటి లేదు. నేను మూసిన ఒక్కొక్క కంత దగ్గరా నాలుగు, అయిదు, ఒకదాని మీద ఒకటి. నీళ్ళలో అవి ముడుచుకోలేవు, ఈదాలంటే ఒళ్ళు విప్పాలి. అందుకే అన్నీ విప్పుకునే ఉన్నాయి. వాటి పొట్టలు నేను అప్పుడే మొదటిసారి చూశాను. మెత్తగా, తెల్లగా, పసిపిల్లల అరికాళ్ళలా ఉన్నాయి. మట్టిలో గోళ్ళ గీతలు ఉన్నాయి. అవి వాటివో నావో తెలియలేదు.

మా అత్తగారు వచ్చి నా వెనక నిలబడింది. వంగి ఒకదాన్ని తీసుకుంది. కత్తిపీట దగ్గర తోలు ఒలిచింది. కాల్చడానికి నిప్పు లేదు. పొయ్యి కరిగిపోయింది, కట్టెలు నానిపోయాయి. ఊరంతా అంతే. మిట్టమధ్యాహ్నం, మోకాలి లోతు బురదలో పేరమ్మ గారు వచ్చింది. చేతిలో మూకుడు, దాని మీద మరో మూకుడు బోర్లించి ఉంది. వాళ్ళ ఇల్లు కొంచెం ఎత్తు. గంపకింద నిప్పు కాపాడుకుందట. పెద్దపిల్ల ఆవిడ నడుము పట్టుకుని దగ్గుతోంది. ఆ నిప్పు మీద ఆ తోలు కాల్చారు. ఆ కాలిన వాసన వెంట్రుకల వాసనలా ఉండదు, కొమ్ము వాసనలా ఉంటుంది. మసి గుడ్డలో వస్త్రగాళం పట్టి, తేనెలో రంగరించి, పరగడుపున పెసరబద్దంత నాలుకకు రాశారు. మూడు పూటలు. చిట్టికీ, పేరమ్మ గారి పిల్లకీ. నెల తిరిగేసరికి ఇద్దరూ లేచి తిరిగారు. మందు పనిచేసిందో, దగ్గు దాని గడువు తీరి పోయిందో నాకు తెలియదు. పనిచేసి ఉంటే, ఆ మావులో మూడు ఉన్నాయి. ఒక్కటి చాలేది. ఆ లెక్క నేను ఎప్పుడూ పూర్తిగా చెయ్యలేదు. పేరమ్మ గారు కూడా నా ముందు చెయ్యలేదు. బతికినంత కాలం నన్ను అమ్మా అనే పిలిచింది.

మావగారూ మా ఆయనా గాలివాన వెలిసిన ఎనిమిదో రోజుకు చేరారు. ముందు చిట్టిని చూసుకున్నారు. తరవాత తోటలోకి వెళ్ళారు. నేను వెనకాలే వెళ్ళాను. అప్పటికే అన్నిటినీ పూడ్చేశాం, కానీ మూసిన చోట్లు చూస్తే ఆయనకు అంతా తెలిసిపోయింది.

"ఎన్ని మూసేవమ్మా?"

"అన్నీనండి మావగారూ. ఎవరూ పట్టుకుపోకూడదనండి."

"ఆయ్" అన్నారు.

ఆ "ఆయ్" ఎలాంటిదో నేను ఇవాళ్టికీ చెప్పలేను. ఆయన కూర్చుని, ఉత్త చేతులతో, ఆ మట్టి తవ్వడం మొదలుపెట్టారు. పదకొండూ తెరిచారు. చీకటిపడేలోపు పెంకుల్లో నీళ్ళు పోసి రమ్మని నన్నే పంపారు. తోట నా దగ్గరనుంచి తీసుకోలేదు. తీసుకుని ఉంటే నేను ఏడ్చి ఊరుకునేదాన్ని. ఆయన పోయేదాకా రోజూ నీళ్ళు పోశాను. ఒక్కటీ రాలేదు. రెండేళ్ళకు కొమ్ముపురుగు తిరిగి వచ్చింది. లేత చెట్లు మొవ్వు విరిగి గుడ్డి దీపస్తంభాల్లా నిలబడ్డాయి. మావగారు పోయారు, అత్తగారు పోయింది, మా ఆయన పోయి ఇరవై ఏళ్ళయింది. మిగిలిన తోలు ఎండబెట్టి అత్తగారు చిట్టి పెళ్ళికి పెట్టెలో పెట్టి పంపిందని నాకు మొన్నటిదాకా తెలియదు.

ఇప్పుడు ఊళ్ళో దడులు ఎక్కడున్నాయి. ముళ్ళకంపలు కట్టారు, కలిగినవాళ్ళు మట్టిగోడలు పెట్టారు. పిల్లి దూరే సందు లేదు. మట్టలకుప్పలు చూసుకోకుండా తగలేస్తున్నారు. ముళ్ళెలక అంటే మా మునిమనవలు నేను కథ అల్లానని నవ్వుతారు. నా తోటకు మాత్రం ఇప్పటికీ తాటిమట్టల దడే. కుక్కలు దూరుతున్నాయని మనవడు విసుక్కుంటాడు గాని, పడమటి మూల ఒక కంత నేను మూయనివ్వను, దాని పక్కన ఒక పెంకులో ఇప్పటికీ నీళ్ళు పోస్తాను.

అచ్చమ్మ తెచ్చిన ముక్క నేనే కాల్చాను. అదే వాసన. తేనెలో రంగరించి పిల్ల నాలుకకు రాశాను. రెండు పూటలకు వచ్చింది. మూడో పూటకు లేదు. ఇవాళ పొద్దున అచ్చమ్మ నా కాళ్ళ దగ్గర కూర్చుని అడిగింది.

"తోటలో ఎప్పుడైనా కనపడ్డాయా అత్తా?"

"లేవే. ఆనాడే పోయాయి" అన్నాను.

అలా అని లేచి పడమటి మూలకు వెళ్ళాను. వారం రోజులుగా పెంకులో నీళ్ళు సగానికి తగ్గుతున్నాయి. కాకులు తాగుతున్నాయేమో. కంత దగ్గర ఇసక మీద చిన్న చిన్న గీతలున్నాయి. గాలికి ఈనె కదిలి పడ్డాయేమో. నా చూపు ఆనదు, వంగి చూస్తే నడుము లేవదు. ఇంట్లోంచి పిల్ల దగ్గు వినపడుతోంది, చివర ఆ కూత. కాలి దగ్గర ఒక డొక్క పడి ఉంటే చేతిలోకి తీసుకున్నాను. మూయడానికా, పక్కకు పారెయ్యడానికా, నాకే తెలియలేదు. ఈ అమ్మాయి వచ్చి రాస్తాను చెప్పు నాయనమ్మా అని పిలిచేదాకా, ఆ డొక్క పట్టుకుని అక్కడే నిలబడి ఉన్నాను.